మూలనున్న పరమాణువు ఎవరి వాటా?

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లల్ని ఉప్పు ఫార్ములా ఏమిటని అడిగితే గది గదంతా ఒక్క గొంతుతో చెబుతుంది: సోడియం ఒకటి, క్లోరిన్ ఒకటి. ఆ ఒకట్లు ఎక్కడి నుంచి వచ్చాయంటే వేలెన్సీ నుంచి అంటారు. అదీ సరే. అయితే ఉప్పురాయిలో ఏ సోడియం ఏ క్లోరిన్‌కి జంటో చూపించండి అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఉప్పురాయిలో అసలు అలాంటి జంటే లేదు. ప్రతి సోడియం అయాను చుట్టూ సమాన దూరంలో ఆరు క్లోరైడులుంటాయి. ప్రతి క్లోరైడు చుట్టూ ఆరు సోడియంలుంటాయి. ఆ ఆరింటిలో ఒకదాన్ని పట్టుకుని ఇది నాదనే హక్కు దేనికీ లేదు. జంట లేనప్పుడు ఒకటికి ఒకటి అని ఎలా రాస్తున్నాం?

నేను చోడవరంలో కెమిస్ట్రీ చెబుతాను. ఘనస్థితి పాఠం ఎప్పుడూ ఈ ప్రశ్నతోనే మొదలుపెడతాను.

ఇది పిల్లల ప్రశ్నే అనుకోవద్దు. 1912లో జర్మనీలో లావే బృందం స్ఫటికం గుండా ఎక్స్ కిరణాలు పంపి చుక్కల బొమ్మలు తీసింది. మరుసటి ఏడాదే ఇంగ్లండులో లారెన్స్ బ్రాగ్ ఆ చుక్కల నుంచి ఉప్పు నిర్మాణం రాబట్టాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. 1915లో తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అయినా ఉప్పులో అణువులు లేవన్న మాట అందరికీ మింగుడుపడలేదు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్ద రసాయన శాస్త్రవేత్త 1927లో, తన ఎనభయ్యో పడికి దగ్గరలో, నేచర్ పత్రికకు కోపంగా ఉత్తరం రాశాడు. ఉప్పును చదరంగం బల్లలా పేర్చి చూపించడం ఆయన దృష్టిలో రసాయన శాస్త్రానికే అపచారం. జీవితమంతా అణువుల మీద పనిచేసిన మనిషికి అలా అనిపించడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం. ఆ ఉత్తరం సంగతి తరగతిలో చెబితే పిల్లలకు ధైర్యం వస్తుంది. అంతటివాడికే అర్థం కాకపోతే మనం అడగడంలో తప్పులేదనుకుంటారు.

మా పిల్లల్లో ఎక్కువమంది బుచ్చెయ్యపేట, రావికమతం, మాడుగుల, చీడికాడ వైపు నుంచి బస్సుల్లో వస్తారు. చాలామంది ఇళ్ళల్లో చెరకు వేస్తారు. స్ఫటికమంతటా మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గదిని యూనిట్ సెల్ అంటాం. దాని మూలనున్న పరమాణువులో మన సెల్‌కి ఎనిమిదో వంతే వస్తుందని చెప్పినప్పుడు ఏటా ఎవరో ఒకరు లేచి అదే అడుగుతారు. "అదేటి మాస్టారూ, పరమాణువుని ఎనిమిది ముక్కలు కోసేత్తారేటి?"

నాలుగు చేలు కలిసేచోట పాతిన హద్దురాయి ఎవరిదిరా అంటాను. నలుగురిదీ అంటారు. ఒక్కో చేనుకి ఎంత రాయి అంటే పావు అంటారు. రాయిని ఎవరైనా పగలగొట్టారా? లేదు. లెక్కలో మాత్రం పంచుకున్నారు. చేలు నేల మీద పరచుకుని ఉంటాయి కాబట్టి నలుగురు. స్ఫటికంలో గదులు పైనా ఉన్నాయి, కిందా ఉన్నాయి కాబట్టి ఎనిమిది. అంచు మధ్యలో ఉన్నది నాలుగు గదులకు చెందుతుంది. గోడ మధ్యలో ఉన్నది రెండు గదులది. గది నడిమధ్యనున్నది పూర్తిగా ఆ గదిదే. ఇక అక్కడి నుంచి అంతా కూడికే.

కానీ కూడిక చెప్పేసి వదిలేస్తే నిలవదు. అందుకే మట్టి తెప్పిస్తాను. చెరువు గట్టు నుంచి నల్ల బంకమట్టి, దిబ్బల నుంచి ఎర్రమట్టి. ఒక పక్క తెరిచిన ఘనాకారపు అట్టపెట్టె ఒకటి. ఎర్రమట్టి ఉండ ఒకటి చుట్టి, దారంతో నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి, నడుము దగ్గర ఒకసారి కోస్తే ఎనిమిది ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకీ మూడు చదునైన ముఖాలు, ఒక గుండ్రని వీపు. ఆ మూడు ముఖాలూ పెట్టె లోపలి మూలకి అచ్చుగుద్దినట్టు అతుక్కుంటాయి. మూల అంటే మూడు గోడలు కలిసేచోటన్న సంగతి అప్పుడు చేతికి తెలుస్తుంది. తరవాత ఎర్రమట్టి సగం ఉండలు ఆరు, గోడల మధ్యలో. నల్లమట్టి పావు ఉండలు పన్నెండు, అంచుల మధ్యలో. చివరగా నల్ల ఉండ ఒకటి పుల్లకి గుచ్చి నడిమధ్యన నిలబెడతారు. అదీ ఉప్పు యూనిట్ సెల్. ఎర్రవి క్లోరైడులు, నల్లవి సోడియంలు.

అప్పుడు అన్నీ ఊడదీసి, ఏ రంగుకి ఆ రంగు కలిపి మళ్ళీ అదే సైజు ఉండలు చుట్టమంటాను. నాలుగు ఎర్రవి వస్తాయి, నాలుగు నల్లవి వస్తాయి. వెనక బెంచీలో గోల ఆగిపోయేది అప్పుడే. ఒక అమ్మాయి చేతులకి మట్టి అంటుకుని ఉండగానే అంది: "అయితే ఫార్ములా అంటే జంట పేరు కాదు మాస్టారూ, పంపకంలో తేలిన వాటా." నేను చెప్పాలనుకున్నది అంతకంటే బాగా చెప్పలేను. అణువులు లేని పదార్థానికి ఫార్ములా ఎక్కడో రాసిపెట్టి ఉండదు. చోటు చూసి, ఎవరి చోటు ఎందరితో పంచుకున్నారో లెక్కపెట్టి తేల్చాలి.

ఈ లెక్కని పరీక్షల కోసం పొట్టి దారుల్లో నేర్పేస్తున్నారు. మూలవైతే ఇంత, ముఖానివైతే ఇంత, ఆన్సర్ ఇది, తరవాత ప్రశ్న. పిల్లలకి టైము తక్కువన్న మాట నిజమే. కానీ దానివల్ల ఒక మంచి సంగతి చేజారిపోతుంది. ఒక పాత లెక్క ఉంది: ఘనం మూలల్లో టంగ్‌స్టన్, అంచుల మధ్యలో ఆక్సిజన్, నడిమధ్యన సోడియం. టంగ్‌స్టన్ 1, ఆక్సిజన్ 3, సోడియం 1 వస్తుంది. ఇంకో లెక్కలో పెరోవ్‌స్కైట్: మూలల్లో కాల్షియం, ముఖాల మధ్యలో ఆక్సిజన్, నడిమధ్యన టైటానియం. మళ్ళీ 1, 1, 3. రెండూ వేర్వేరు లెక్కలుగా బట్టీపట్టిన కుర్రాడికి ఆ రెండు నిర్మాణాలూ ఒకటేనని తట్టదు. పెరోవ్‌స్కైట్ బొమ్మలో గది గోడల్ని అన్ని దిక్కుల్లోనూ అరగది చొప్పున జరిపితే టైటానియం మూలకొస్తుంది, కాల్షియం మధ్యకొస్తుంది, ఆక్సిజన్లు అంచులకి చేరతాయి. పరమాణువు ఒక్కటి కూడా కదల్లేదు. మనం గీసుకున్న గీత కదిలింది, అంతే. ఏ బొమ్మ కరెక్టు మాస్టారూ అంటే రెండూ కరెక్టే. గీత ఎక్కడ గీసినా ఫార్ములా మారకూడదు. మారిందంటే లెక్కపెట్టడంలో పొరపాటుందన్నమాట. లెక్క సరిచూసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన దారి నాకు తెలియదు.

పరీక్షల్లో తిరుగుతూండే మరో ప్రశ్న కూడా చెప్పాలి. ఉప్పు నిర్మాణమున్న ఏబీ అనే పదార్థంలో ఏ పరమాణువులు మూలల్లో, ముఖాల్లో ఉన్నాయి. ఒక అక్షం మీదున్న ముఖాల పరమాణువుల్ని తీసేస్తే ఫార్ములా ఎంత? మూలల నుంచి 1, మిగిలిన నాలుగు ముఖాల నుంచి 2, మొత్తం ఏ 3. బీ 4. లెక్కగా బాగుంది. కానీ తీసేయడమంటే అంత తేలికైన పనిలా కనిపిస్తుంది. ఏ, బీ అన్న అక్షరాలకు విద్యుదావేశం ఉండదు. ఇనుముకి ఉంటుంది.

అందుకే ఆ ప్రశ్న అవగానే విశాఖ ఉక్కు కర్మాగారంలోకి తీసుకెళతాను, మాటల్లోనే. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటి లోపల ఖనిజం ఇనుముగా మారే దారిలో వుస్టైట్ అనే ఐరన్ ఆక్సైడు దశ ఒకటుంటుంది. నిర్మాణం చూస్తే ఉప్పు నిర్మాణమే. పద్ధతి ప్రకారం ఇనుము 1, ఆక్సిజన్ 1 రావాలి. తూచి చూస్తే మాత్రం ఆక్సిజన్ 1కి ఇనుము 0.95 దగ్గర తేలుతుంది. ఒక్కోసారి ఇంకా తక్కువ. అయితే ఆక్సిజన్ ఎక్కువై ఎక్కడైనా ఇరుక్కుందా, లేక ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా ఉన్నాయా? ఫార్ములా ఒక్కటే చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. 1933లో జెట్, ఫుట్ అనే ఇద్దరు దీన్ని సాంద్రతతో తేల్చారు. ఆక్సిజన్ అదనంగా ఇరుక్కుంటే, దాని పాలు పెరిగేకొద్దీ పదార్థం బరువెక్కాలి. వాళ్ళు కొలిస్తే సాంద్రత తగ్గింది. అంటే ఖాళీలున్నవి ఇనుము చోట్లలోనే.

ఆ తరవాత పిల్లలు తామే లెక్క కడతారు. ఆక్సైడు అయాన్లు 100 ఉంటే ఇనుములు 95. రుణావేశం 200. ఇనుములన్నీ రెండు ధనావేశాలవే అయితే 190 అవుతుంది. పది తక్కువ. అందుకని పది ఇనుములు మూడు ఆవేశాలతో ఉండాలి. 95లో 10 అంటే నూటికి పదిన్నర. ఐదు చోట్లు ఖాళీ అయితే పదిమంది భారం మోయాలి. తీసేయమని ప్రశ్న రాయడం తేలికే. స్ఫటికంలో ఒకటి పోతే మిగిలినవి సర్దుకోవాలి. ఇది అర్థమైన పిల్లవాడు భిన్నం ఉన్న ఫార్ములా చూసి అచ్చుతప్పు అనుకోడు.

మా ఊళ్ళో స్ఫటికాలంటే ముందు గుర్తొచ్చేది గోవాడ షుగర్ ఫ్యాక్టరీ. కాబట్టి పంచదారని వదిలేయడానికి లేదు. ఉప్పులో లేని అణువు పంచదారలో ఉంది. అక్కడ మూల ముక్కలూ పావు వంతులూ లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. యూనిట్ సెల్ ఘనపరిమాణం దాదాపు 714 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు, సాంద్రత 1.588. రెండూ గుణించి అవొగాడ్రో సంఖ్యతో సరిచేస్తే 683 దగ్గర వస్తుంది. పంచదార అణుభారం 342. అంటే ఒక గదిలో రెండు పూర్తి అణువులు. ఇంతే లెక్క. అయితే ఇదే లెక్కని వెనక నుంచి కూడా నడపొచ్చు: గదిలో రెండు అణువులున్నాయని తెలిసి, అణుభారం తెలియకపోతే, సాంద్రత నుంచి అణుభారం తేల్చుకోవచ్చు. అణుభారాల్ని ఇలా రాబట్టిన రోజులున్నాయి.

ఇక పాఠంలో నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తాను. గోళీలు తెస్తాను. మూడు గోళీలు ఆనించి పెట్టి వాటి మీద ఒకటి కూర్చోబెడితే నాలుగింటి మధ్య చిన్న సందు. అది చతుర్ముఖీయ రంధ్రం. కింద మూడు, పైన మూడు తిప్పి పెడితే మధ్యలో పెద్ద సందు. అది అష్టముఖీయ రంధ్రం. ఒక్కో గోళీకి పెద్ద సందు ఒకటి, చిన్న సందులు రెండు పడతాయి. ఖనిజాల్లో ఎన్నింటిలోనో ఆక్సిజన్లు ఇలా ఒత్తుగా పేర్చుకుంటాయి, లోహాలు ఆ సందుల్లో దూరతాయి. స్పైనెల్ అనే ఖనిజంలో చిన్న సందుల్లో ఎనిమిదో వంతు మెగ్నీషియానికి, పెద్ద సందుల్లో సగం అల్యూమినియానికి. నాలుగు ఆక్సిజన్లకి లెక్కేస్తే మెగ్నీషియం 1, అల్యూమినియం 2, ఆక్సిజన్ 4. 1915లో ఇంగ్లండులో పెద్ద బ్రాగ్, జపాన్‌లో నిషికావా ఎవరికి వారే ఈ నిర్మాణం కనుక్కున్నారు. నిజమైన గదిలో ఆక్సిజన్లు 32, మెగ్నీషియంలు 8, అల్యూమినియంలు 16. గది అంచు 8.08 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్నుంచి సాంద్రత కడితే 3.58 వస్తుంది, రాయిని తూచినా అంతే వస్తుంది. కాగితం మీద కట్టిన అంకె, త్రాసు చెప్పిన అంకె ఒక్కటైనప్పుడు పిల్లల మొహాలు చూడాలి.

స్ఫటికాల మీద పనిచేసేవాళ్ళు ఎనిమిదో వంతులూ పావులూ కూడుతూ కూర్చోరు. ఒక చోటికి సౌష్ఠవం ఎన్ని ప్రతులు తీస్తుందో ముందే తెలుసు వాళ్ళకి: ఇక్కడ 8, అక్కడ 16, మరోచోట 32. ఆ గణితం మాకు దూరపుదేం కాదు. సూరి భగవంతం గారు, వెంకటరాయుడు గారు సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ రాసిన పుస్తకాన్ని 1948లో వాల్తేరు నుంచి ఆంధ్ర విశ్వకళా పరిషత్తే ప్రచురించింది. ఏయూలో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి కాబట్టి ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది.

స్పైనెల్ కూడా మాకు దూరపుదేం కాదు. మొన్నటిదాకా మాదీ విశాఖ జిల్లానే. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. మాడుగుల దాటి ఘాటీ ఎక్కితే వచ్చే పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడి కొండల్లో స్పైనెల్ ఉన్న శిలలున్నాయి. దానితోపాటు సఫిరిన్ అనే ఖనిజం కూడా ఉంది. ఖోండలైట్ అనే శిలకు ఆ పేరు పెట్టిన వాకర్, కాలిన్స్‌తో కలిసి 1907లోనే విశాఖ మన్యం శిలల్లో సఫిరిన్ గురించి రాశాడు. జియాలజీ చదివిన నా పాత విద్యార్థి ఒకతను పాడేరు నుంచి ఒక ముక్క తెచ్చిచ్చాడు. చేతిలో పెట్టుకుంటే నల్లటి బరువైన రాయి, అంతే. పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో నీలం కనిపిస్తుంది. ఆ నీలం వల్లే 1819లో స్ట్రోమేయర్ గ్రీన్‌లాండ్ రాయికి ఆ పేరు పెట్టాడు.

ఫార్ములా విషయంలో సఫిరిన్ చాలాకాలం ఇబ్బంది పెట్టింది. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ ఉన్నాయని తెలుసు. ఒక్కో రాయిని విశ్లేషిస్తే ఒక్కో నిష్పత్తి వచ్చేది. పాత ఖనిజశాస్త్ర పుస్తకాల్లో మెగ్నీషియం 5, అల్యూమినియం 12, సిలికాన్ 2, ఆక్సిజన్ 27 అని కనిపిస్తుంది. 27 అన్న అంకె ఎందుకో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. 1968లో పాల్ మూర్ నేచర్‌లో సఫిరిన్ నిర్మాణం ప్రకటించాక విషయం తేలింది. ఇక్కడా ఆక్సిజన్లు గోళీల్లా ఒత్తుగా పేర్చి ఉన్నాయి. ప్రతి 20 ఆక్సిజన్లకీ పెద్ద సందుల్లో 8, చిన్న సందుల్లో 6, మొత్తం 14 లోహ స్థానాలు. అస్థిపంజరం అది. అందులో ఎవరు కూర్చుంటారన్నది మాత్రం రాయిని బట్టి మారుతుంది. ఒక మెగ్నీషియం, ఒక సిలికాన్ లేచిపోతే ఆ రెండు చోట్లా రెండు అల్యూమినియంలు కూర్చోవచ్చు. ఆవేశం చూస్తే రెండూ నాలుగూ ఆరు, మూడూ మూడూ ఆరు. లెక్క చెదరదు. మెగ్నీషియం 4, అల్యూమినియం 8, సిలికాన్ 2 అయినా సఫిరినే. మూడున్నర, 9, ఒకటిన్నర అయినా సఫిరినే. రెండింటిలోనూ మొత్తం 14, ఆవేశం 40.

పాత ఫార్ములాని 20 ఆక్సిజన్లకి కుదించి చూడమని పిల్లలకు ఇస్తాను. లోహాలు 14.07 వస్తాయి. పాతవాళ్ళు తూచడంలో ఎంత నిక్కచ్చిగా ఉన్నారో దాన్నిబట్టే తెలుస్తుంది. వాళ్ళకి తెలియనిదల్లా ఆ అంకె 14 దగ్గరే ఆగాలన్న సంగతి. అది త్రాసు చెప్పలేదు, చోటు చెప్పింది.

ఇదంతా చెప్పే పాఠం ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకంలో లేదు. 2024 నుంచి నీట్, జేఈఈ మెయిన్ సిలబస్‌ల నుంచీ తీసేశారు. భారం తగ్గించాలన్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. తీసేయాల్సింది మాత్రం ఇది కాదని గట్టిగా నమ్ముతాను. ఫార్ములా ఎలా పుడుతుందో పిల్లలు చేత్తో ముట్టి చూసే పాఠం ఇంటర్లో ఇదొక్కటే. మార్కులు లేకపోయినా మట్టి, గోళీలు తెస్తూనే ఉన్నాను. సాయంత్రం బస్సుకి ఇంకా టైముందనుకున్న పిల్లలు ఆగుతారు.

అలా ఆగినవాళ్ళలో ఒకమ్మాయి సఫిరిన్ దగ్గర నన్ను నిలదీసింది. "మాస్టారూ, ఎక్స్ కిరణాలు చూసేది ఎలక్ట్రాన్లనే కదా. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ అయాన్లు మూడింటికీ పదే ఎలక్ట్రాన్లు. ఏ చోటులో ఎవరున్నారో ఎలా తెలుస్తాది?"

సరిగ్గా చిక్కున్నది అక్కడే. చోట్లు ఎన్నో ఎక్స్ కిరణాలు తేలిగ్గా చెబుతాయి. మనిషిని గుర్తుపట్టడమే కష్టం. అందుకు ఆక్సిజన్‌కి ఎంత దూరంలో ఉన్నారో చూస్తారు. చిన్న సందులో సిలికాన్ అయితే దాదాపు 1.62 ఆంగ్‌స్ట్రామ్‌లు, అల్యూమినియం అయితే 1.75 దగ్గర. ఇద్దరూ కలిసి ఉంటే మధ్యలో ఎక్కడో. నువ్వే కట్టమ్మా అన్నాను. ఆరు చోట్లలో సిలికాన్ 2, అల్యూమినియం 4 అయితే సగటు 1.707. ఒకటిన్నర, నాలుగున్నర అయితే 1.718. రెండు రాళ్ళకీ మధ్య తేడా ఆంగ్‌స్ట్రామ్‌లో నూరో వంతు. అంత సన్నటి తేడాని నమ్ముకుని ఫార్ములా రాయడం కష్టమనీ, దూరాలతోపాటు రాయిని విశ్లేషించిన అంకెలు కూడా పక్కన పెట్టుకోవాల్సిందేననీ తనే అంది. బోర్డు మీద రాసింది: మెగ్నీషియం, అల్యూమినియం కలిపి 8. అల్యూమినియం, సిలికాన్ కలిపి 6. ఆక్సిజన్ 20. అల్యూమినియం రెండుచోట్లా ఎందుకొచ్చిందని పక్కనున్న కుర్రాడు అడిగితే, గోళీలు ముందుకు లాక్కుని చిన్న సందూ పెద్ద సందూ చూపించడం మొదలుపెట్టింది.